మీ తాత చెప్పిన సాక్ష్యం

"అమ్మమ్మా, తాత నాచారం కంపెనీల పని ఎందుకు ఇడిసిపెట్టిండు?"

ఇడిసిపెట్టలే బిడ్డా, తీసేసిన్రు. మీ అమ్మ చెప్పలేదా? ఆమెకు ఏం యాది ఉంటది, గప్పుడు సిన్నపిల్ల. ఇటు జరుగు, ఫ్యాన్ గాలి తగుల్తది.

మేము గప్పుడు నాచారంల రేకుల ఇంట్ల కిరాయికి ఉంటుంటిమి. బస్సు టికెట్ చిల్లర పైసలే, అయినా మీ తాత కంపెనీకి నడిచే పోతుండె. ఇప్పుడు ఉప్పల్‌ల మెట్రో కింద నిలవడనీకి జాగ లేదు గని, గప్పుడు అటు దిక్కు సగం పొలాలే... ఏం చెప్తున్న? ఆఁ, మా గల్లీ. గల్లీ మొత్తంల కిరస్తానపోళ్లం మేమొక్కళ్లమే. అందరు మంచిగనే ఉంటుండె, లేనిది చెప్పొద్దు. బోనాలప్పుడు మీ తాత మొక్కకపోతుండె, కల్లు ముట్టకపోతుండె. గని బోనమెత్తిన ఆడోళ్లకు కాళ్లు కాల్తయని బిందెలతోని గల్లీ అంతా నీళ్లు సల్లుతుండె. గట్లాంటి మనిషి.

మా పక్కింట్ల నర్సింహ అని ఉండె. గోడకు గోడ. కంపెనీల గూడ ఇద్దరివి పక్కపక్క మిషన్లు. డబ్బాలకు మూతలు కొట్టే కంపెనీ అది. మిషన్ ముంగట చెయ్యి లోపలికి పోకుంట అడ్డంగ ఇనుప జాలి ఉంటుండె. మాల్ జల్ది కావాలెనని సూపర్‌వైజర్ ఆ జాలీలు తీపిచ్చిండు. ఒకనాడు నర్సింహ మిషన్ల రేకు ఇరికింది. మిషన్ ఆపాలె గదా, ఆపకుంటనే గుంజుదామని చెయ్యి పెట్టిండు. కుడి చెయ్యి పోయింది బిడ్డా, మణికట్టు కాడికి.

లేబర్ ఆఫీసోళ్లు ఎంక్వైరీ పెట్టిన్రు. కండ్లతోని సూసింది మీ తాతనే. ఇగ ఇంటికి మనుషులు ఒచ్చుడు సురువైంది. సూపర్‌వైజర్ ఒచ్చి, "దేవదానం, వాడు తాగి ఒచ్చిండని చెప్పు, నీకు ప్రమోషన్ ఇప్పిస్త" అన్నడు. ఆయన పోయినంక కంపెనీల పనిచేసేటోళ్లు ఒచ్చి, "అన్నా, నర్సింహ ఊకెనే నిలవడ్డడు, మిషనే మీద పడ్డదని చెప్పు, లేకుంటె వానికి ఏం రాదు" అన్నరు. మీ తాత అందరికీ చాయ్ పోపిచ్చిండు. రెండు దిక్కులోళ్లకూ ఒక్కటే మాట. "నేను సూసింది చెప్త."

చెప్పిండు. నేను పోలే, తర్వాత నర్సింహ చెప్పినదే నీకు చెప్తున్న. "జాలి తీపిచ్చింది సూపర్‌వైజర్. నర్సింహ తాగి రాలే. మిషన్ ఆపకుంట చెయ్యి పెట్టిండు." గంతే.

ఇగ సూడు. కంపెనీకి కోపం, పనోళ్లకు కోపం. నర్సింహ పెండ్లాం యాదమ్మ నాతోని మాట బందు జేసింది. నల్లా కాడ నేను పోతే ఆడోళ్లు బిందెలు తీస్కొని జరుగుతుండె. నాకు ఏడుపొస్తుండె. "మనకు ఈ లోకంల ఎవ్వరన్న మిగుల్తరా?" అని అడిగిన. మీ తాత నెమ్మదిగ అన్నడు, "మనం ఈడ కిరాయికున్నోళ్లమే గదనే. మనిల్లు దేవుని కాడుంది. ఉన్నన్ని దినాలు గోడలు ఖరాబు చెయ్యొద్దు" అని. నాకైతే గప్పుడు ఆ మాట కడుపు నింపలే. గని ఆ మనిషి మొకంల కోపం లేదు సూడు, ఎవ్వరి మీద లేదు, గది సూసి నాకు జర ధైర్యమొచ్చింది.

ఒకనాడు పొద్దుగాల సైకిల్ తీస్కొని నర్సింహ ఇంటి ముంగట నిలవడ్డడు. నర్సింహ బయటికొచ్చి, "నా మీద చెప్పినోనివి, మల్ల ఎందుకొచ్చినవ్?" అన్నడు.

"కట్టు మార్సేది ఉంది గదన్నా. ఎక్కు."

ఎక్కలే. లోపటికి పోయిండు. మల్ల కట్టు మార్సే దినం మల్ల పోయిండు మీ తాత. గట్ల ఎన్నిసార్లు పోయిండో. ఒకసారి నర్సింహ చెయ్యి వాసి జరమొచ్చి లేవలేకపోతే యాదమ్మనే పిలిచింది. అప్పటిసంది కట్టు ఇప్పిందాక దవాఖానకు సైకిల్ మీద ఈయననే తీస్కపోయిండు. ఎడమ చేతితోని బువ్వ తినుడు, అంగీ గుండీలు పెట్టుకునుడు, అన్నీ దగ్గర కూసోని నేర్పిచ్చిండు.

ఆఖరికి ఎంక్వైరీల నర్సింహ దిక్కే తీర్పొచ్చింది. ఎందుకంటవ్? కంపెనీ వకీలు మీ తాతను అబద్ధాలోడు అన్నడంట. దానికి ఆఫీసర్, "దోస్తు తప్పు గూడ దాయనోడు జాలి గురించి ఎందుకు అబద్ధం చెప్తడయ్యా?" అని అడిగిండంట. నర్సింహకు గేటు కాడ కూసునే పని ఇచ్చిన్రు. అన్ని మిషన్లకు మల్ల జాలీలు పెట్టిచ్చిన్రు. మీ తాతను మాత్రం పని తక్కువుందని తీసేసిన్రు.

ఆయన ఫికర్ చెయ్యలే. ఉప్పల్‌ల కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణంల చేరిండు. ఇల్లు నడిచింది, మీ అమ్మ సదువుకున్నది.

మీ తాత పోయిననాడు, నువ్వు పొత్తిళ్లల్ల ఉంటివి, పాస్టరయ్య ఆయన గురించి ఎవరన్న రెండు మాటలు చెప్పున్రి అన్నడు. మందిరపోళ్లు లేస్తరనుకున్న. నర్సింహ లేసిండు. "ఈయన నా మీద నిజం చెప్పిండు. నన్ను దవాఖానకు మోసుకపోయిండు. రెండూ ఈయననే చేసిండు" అని కూసున్నడు. యాదమ్మ నన్ను పట్టుకొని ఏడ్సింది.

సోమవారంకెళ్లి నీకు కొత్త నౌకరి అంటివి గదా. ఆడ గూడ రకరకాలోళ్లు ఉంటరు బిడ్డా. అందరితోని కలిసి ఉండు, మంచిగ నవ్వు, మంచిగ తిను. అబద్ధం మాత్రం... నీకు నేనేం చెప్పాలె, నీకు తెలుసు. దేవుడు నీకు తోడుండాలె, సల్లగ బతుకు తల్లీ. మీ తాత ఉంటే గిప్పుడు నీ నెత్తి మీద చెయ్యి పెట్టి...