విరిగిన హాలండేజ్

లువార్ నదికి దగ్గర్లో ఒక చిన్న ఊరు, మే నెల మధ్యాహ్నం. భోజనశాల వంటగదిలో బెర్త్రాన్, అతని భార్య నదేజ్.

“మళ్లీ విరిగింది.”

“విరగలేదు. కాస్త గరుకుగా ఉందంతే.”

“గరుకా? సరిగ్గా చూడు నదేజ్. వెన్న ఓ పక్క, గుడ్డు ఓ పక్క. దీన్ని హాలండేజ్ సాస్ అని ఎవరి ముందు పెడతాం?”

“నన్నంటావేం? గిలక్కొట్టేది నువ్వు.”

“వెన్న పోసేది నువ్వు. దారంలా సన్నగా పొయ్యమంటే, బకెట్టుతో మొక్కలకి పోసినట్టు పోశావు.”

“ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే చెయ్యి, ఇదే గరిటె. ఇవాళ బకెట్టయిందా?”

“సరే, అరవకు. బయటికి వినపడుతుంది.”

“విననీ. వెర్నియో గారిని కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. రొట్టె నములుతున్నాడు.”

“ఎంతసేపు నములుతాడు? సాస్ పొయ్యాల్సిన ఆస్పరాగస్ కాడలు చల్లారిపోయాయి. మూడింటికి నోటరీ దగ్గర ఈ భోజనశాల అమ్మకానికి సంతకాలు. ఆయన ఏమన్నాడో తెలుసుగా. ‘గోడలు ఎక్కడైనా దొరుకుతాయి, నేను కొనేది మీ సాస్‌’ అన్నాడు. సంతకానికి ముందు ఒక్కసారి తింటానన్నాడు.”

“తెలుసు.”

“తెలిసీ రెండుసార్లు విరగ్గొట్టావు.”

“నేనా? నేనొక్కదాన్నేనా?”

“గుడ్లు ఎన్నున్నాయి?”

“నాలుగు.”

“నాలుగంటే ఇదే ఆఖరు. నిమ్మకాయ ఇటివ్వు. ఆ వెన్నగిన్నె కూడా... అబ్బా. ఇదేంటి ఇంత కాలుతోంది?”

“వెన్న కదా. కరిగించాను.”

“కరిగించలేదు, మరిగించావు. ఇంత వేడిది పోస్తే పచ్చసొన ఉడికిపోదా?”

“ఇదిగో నిమ్మకాయ.”

“నదేజ్, నిన్నే. ఉడికిపోదా?”

“పోతుంది.”

“మర్చిపోయావా?”

“మర్చిపోలేదు.”

“అంటే?”

“అంటే ఏం లేదు. నిమ్మకాయ పిండు.”

“పిండను. ముందు చెప్పు. కావాలనే పోశావా?”

“కావాలనే పోశాను. రెండుసార్లూ. చాలా?”

“ఎందుకు?”

“ఆయనకి నచ్చకూడదని. తిని, మొహం మాడ్చుకుని, కారెక్కి తన ఊరు తూర్ వెళ్లిపోవాలని.”

“అమ్ముదామన్నది నువ్వు.”

“నేనెప్పుడన్నాను?”

“రువయాఁలో మీ అక్కింటి పక్కన ఇల్లు చూసొచ్చిందెవరు? కిటికీలోంచి సముద్రం కనపడుతుందని మురిసిపోయిందెవరు?”

“నువ్వు మురిసిపోతున్నావని మురిశాను. డాక్టరు ఇక గంటలు గంటలు నిలబడొద్దంటే నువ్వు తలూపావు. నేనేం చెయ్యను?”

“డాక్టరు ముందు తలూపక, కొట్లాడతామా?”

“ఇంటికొచ్చాక చెప్పొచ్చుగా. నాలుగు నెలలు, బెర్త్రాన్. ఒక్క మాట లేదు. పొద్దున్నే మోకాలు పట్టుకుని మెట్లు దిగుతావు, ఆ ఇంటి ఫొటో చూస్తావు, కాఫీ తాగుతావు. నేనేమనుకోవాలి?”

“ఫొటో నువ్వే అక్కడ పెట్టావు.”

“నువ్వు చూస్తావని పెట్టాను.”

“నువ్వు పెట్టావని చూశాను. ముందే చెప్పాల్సింది నదేజ్.”

“ఎలా చెప్పను? రాత్రి నీ మోకాలికి మందు రాసేది నేను. నా కోసం ఇంకో పదేళ్లు నిలబడు అని ఏ నోటితో అడగను? సాస్ విరిగితే నింద సాస్ మీదకి పోతుందనుకున్నాను.”

“నాతో అనకుండా, నా సాస్ చెడగొట్టి.”

“అవును. తప్పే. తిట్టు. తిట్టి ఆ నాలుగు గుడ్లూ కొట్టు. ఈసారి వెన్న చల్లార్చి, దారంలానే పోస్తాను. ఆయన తింటాడు, నచ్చుతుంది, మూడింటికి వెళ్లి సంతకం పెడదాం. ఏం, అలా నిలబడ్డావేం?”

“నువ్వు చల్లార్చి పోసినా విరిగేదే, నదేజ్. నువ్వు అటు తిరిగినప్పుడల్లా గుడ్ల గిన్నె కింద మంట పెంచింది నేనే.”