నిదానం గారి ఎర్రలైటు

పందొమ్మిది వందల తొంభై ఒకటి జూన్ మూడో తేదీ సోమవారం ఉదయం, ఈ రోజు మనం సగౌరవంగా సాగనంపిన పెద్దమనిషి మన పురపాలక కార్యాలయంలో, రోడ్ల విభాగంలో సహాయ ఇంజినీరుగా చేరారు. ఆ రోజే ఆయనకు కుర్చీ ఇచ్చారు. దాని నాలుగో కాలు మాత్రం తర్వాతి బడ్జెట్లో వచ్చింది. ఎవరే పని మీద తొందరపెట్టినా "నిదానంగా చూద్దామండీ" అనడం ఆయన అలవాటు. అలా నెల తిరక్కుండానే ‘నిదానం గారు’ అయిపోయారు. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ అవసరపడలేదు.

ఆ కాలంలో రోడ్డు భద్రత నిధులు పంచే పద్ధతి ఈనాటి యువ ఉద్యోగులకు తెలియకపోవచ్చు. ఒక మలుపు ప్రమాదకరమని తేలాలంటే అక్కడ ఎవరైనా పోవాలి. పోయినవారు కాస్త పలుకుబడి ఉన్నవారైతే పని ఇంకా త్వరగా తెమిలేది. మిగిలిన సొమ్ము గొంతు పెద్దదైన వార్డుకు పోయేది. నిదానం గారు విభాగాధిపతి కాగానే ఈ పద్ధతిని మార్చబూనారు. బడి వదిలే వేళకు వెళ్లి ప్రతి మలుపు దగ్గరా నిలబడేవారు. ఎక్కడ బ్రేకులు కీచుమంటున్నాయో, ఎక్కడ పెద్దవాళ్లు రోడ్డు దాటబోయి మళ్లీ వెనక్కి వస్తున్నారో చూసి, ఊరి పటం మీద ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టేవారు. "ఎవరో ఒకరు పోయేదాకా ఆగితే దాన్ని ప్రణాళిక అనరండీ, సంతాప సభ అంటారు" అని కౌన్సిల్ సమావేశంలో మెల్లగానే అన్నారు. ఎవరూ నవ్వలేదు. నిధులు మాత్రం ఇచ్చారు.

ప్రజల సహకారం గురించి కూడా చెప్పుకోవాలి. స్పీడు బ్రేకరు కావాలని వచ్చిన ప్రతి పెద్దమనిషీ అది పక్కింటి ముందు ఉంటే బాగుంటుందని అభిప్రాయపడ్డారు. పక్కింటాయన కూడా అదే మాట అన్నారు.

మూడేళ్ల ప్రణాళిక తయారైన రోజున పటాలు గీసే ఆవిడ (నేడు ఆయన స్థానంలో బాధ్యతలు స్వీకరిస్తున్న ఇంజినీరు గారే) ఎర్ర చుక్కలన్నీ చూసి అడిగారు.

"సార్, మీ వీధి మలుపు మొదటి ఏడాదిలోనే రావాలి కదా?"

"దాన్ని రెండో ఏడాదికి జరపండమ్మా. ఇంజినీరు తన గుమ్మం ముందే మొదలుపెట్టుకున్నాడంటారు."

"అంటే అననివ్వండి సార్."

"ఎందుకొచ్చిన మాటలమ్మా. ఒక్క ఏడాదేగా."

నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం మనకందరికీ ఉన్నదే. ఆయనకు ఒక పాలు ఎక్కువ.

ఆ ఒక్క ఏడాదిలోనే, కూరగాయల సంచీతో అదే మలుపు దాటుతున్న ఆయన సతీమణిని ఒక వ్యాను గుద్దింది. ప్రాణం దక్కింది. కుడి మోకాలు మళ్లీ వంగలేదు. ఆసుపత్రిలో కళ్లు తెరిచి ఆవిడ అడిగిన మొదటి మాట, పక్కనే ఉన్న వాళ్ల అమ్మాయి చెప్పగా మేం విన్నది.

"ఏమండీ, మీ ప్రణాళికలో నేను ఎన్నో ఏడాదిలో ఉన్నాను?"

"రెండో ఏడాదిలో" అన్నారాయన, తల ఎత్తకుండా.

"అయితే తొందరపడ్డది నేనేలెండి."

ఆవిడ నవ్వారట. ఆయన వరండాలోకి వెళ్లి చాలాసేపు రాలేదట.

రెండో ఏడాది అక్కడ రోడ్డు దాటేవారి కోసం లైటు పెట్టారు. లైటు ఎంతసేపు ఎర్రగా ఉండాలో రూలు ఉంది. ఆ రూలు రాసినవారి మోకాళ్లు బాగున్నట్టున్నాయి. నిదానం గారు రూలు పక్కనపెట్టి, బళ్లు లేని తెల్లవారుజామున భార్యను అక్కడికి తీసుకెళ్లి, చేతి గడియారం చూస్తూ ఆవిడ పక్కనే నడిచారు.

"ఈ వయసులో నాకు పరుగు పందెం ఏమిటండీ?"

"తొందరపడకు. నువ్వు తొందరపడితే ఊరంతా తొందరపడాల్సి వస్తుంది."

ఆవిడ చేతికర్రతో ఆ చివరకు చేరడానికి ఎంతసేపు పట్టిందో, ఊళ్లోని లైట్లన్నీ బళ్లకు అంతసేపూ ఎర్రగా ఉండేట్టు పెట్టించారు. ఆ రోజు నుంచి మన కార్యాలయంలో ఎవరూ తమ తప్పు వల్ల ఆలస్యంగా రాలేదు. అంతా ఆ లైటు వల్లే.

నిరుడు శీతకాలం ఆవిడ జ్వరంతో కన్నుమూశారు. పరామర్శలు ముగియగానే ఆ వీధి నివాసుల సంఘం వారు, "ఇప్పుడిక అంతసేపు అవసరం లేదేమో, కాస్త తగ్గిస్తే" అంటూ మర్యాదగానే కదిపారు. నిర్ణయం తర్వాతి అధికారిది అన్నారాయన. ఆ తర్వాతి అధికారి ఎదురు బల్ల దగ్గరే ఉన్నారు. అయినా తన వీధి కోసం ఆయన నోరు తెరిచి ఒక్క మాట అడగలేదు. అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు.

వీడ్కోలు సభ అయ్యాక, ఇకపై టైముతో పనిలేని మనిషికి మనమందరం చందాలేసి కొనిచ్చిన గోడ గడియారాన్ని ఒళ్లో పెట్టుకుని ఆయన ఆఫీసు జీపెక్కారు. పక్కన వాళ్ల అమ్మాయి, ముందు కొత్త ఇంజినీరు గారు. సరిగ్గా ఆ మలుపు దగ్గర ఎర్రలైటు పడింది. రోడ్డు దాటేవారు ఒక్కరూ లేరు.

"ఎవరూ లేరు కదా మేడమ్. ఊరికే ఆగుతున్నాం" అన్నాడు డ్రైవరు, అలవాటుగా.

కొత్త ఇంజినీరు గారు వెనక్కి తిరిగారు. "సార్, ఈసారైనా మీ వీధిని ముందుంచనివ్వండి. ఈ లైటు తగ్గదు."

ఖాళీగా ఉన్న తెల్లచారల మీద, ఈ చివరి నుంచి ఆ చివరికి, నిదానం గారి చూపు ఒక చేతికర్ర నడకంత నెమ్మదిగా సాగింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఆయన చూపు అవతలి గట్టుకు చేరాకే పచ్చలైటు వెలిగింది.

వారికి ఆయురారోగ్యాలు కలగాలి. మోకాళ్లు వణికే వయసు దాకా, చేతికర్ర పట్టే వయసు దాకా వారు చల్లగా ఉండాలి. ఆ మలుపు దగ్గర ఎంత నిదానంగా దాటినా పరవాలేదు సార్. మేం ఆగుతాం.