కత్తిపీటకి జపాను తొడుగు

— అమ్మమ్మా, గోడకి ఇన్ని జపాను కత్తులు వేలాడుతుంటే ఒక్కదాన్నీ ముట్టుకోవేంటి?

ముట్టుకోనమ్మా. ముట్టుకోను గాక ముట్టుకోను. అవి మీ పెదనాన్నవి, నావి కావు. ముందు ఇలా కూర్చో, ఆ ఫోను అవతల పెట్టు. ఆ ఎర్ర చుక్కేంటే, రికార్డు చేస్తున్నావా? చేసుకో, కానీ మీ పెద్దమ్మకి పంపావంటే మాత్రం ఊరుకోను. నువ్వు పంపవులే హారికా, నాకు తెలుసు. ఈ ఫోన్లే వాటంతటవి పంపేస్తాయంట కదా, నాకు వీటి మీద నమ్మకం లేదు.

ఏమడిగావు, కత్తులు కదూ. మీ పెదనాన్న సంగతి నీకు తెలిసిందే. నా అల్లుడని చెప్పుకోవడం కాదు, బంగారం లాంటి మనిషి, కాకపోతే పిచ్చి పట్టిందంటే అది వదిలేదాకా ఇంట్లో ఎవరికీ నిద్రుండదు. ఓ ఏడు కాఫీ గింజలు ఇంట్లోనే వేయించాడు, ఇల్లంతా పొగ. ఇంకో ఏడు సైకిలు. ఈ శాన్ రామన్ ఇంటికి మారాక, రెండువేల పదకొండో... కాదు కాదు, మీ అన్నయ్య పెళ్ళికి ముందేడు, అంటే పన్నెండు, ఈ జపాను కత్తులు మొదలెట్టాడు. మొదటిది వచ్చిన రోజు చూడాలి నువ్వు, పెళ్ళికూతురి నగల పెట్టె తెరిచినట్టు తెరిచాడు. దాన్ని డిష్‌వాషర్‌లో వెయ్యకూడదంట, తడి ఉంచకూడదంట, గుమ్మడికాయ కొయ్యకూడదంట. గుమ్మడికాయ కొయ్యని కత్తి కత్తేంటమ్మా? తడి తగిలితే తుప్పు పడుతుందంట. నా కత్తిపీటా తుప్పు పడుతుందనుకో, అది వేరు.

నా కత్తిపీట నువ్వు చూశావుగా. కాపురానికి వచ్చేటప్పుడు మా అమ్మ ఇచ్చింది. చింత చెక్క పీట, మా ఊరి కమ్మరి కొట్టిన కత్తి. ఆ రోజుల్లో డబ్బులెక్కడివి, కుంచెడు వడ్లు కొలిచి చేయించారు. దాని అంచుకి కింద వైపు చిన్న గాటు ఒకటుంది. ఎవరి పని అనుకున్నావు, మా చెల్లెలిది, మీ సొంత అమ్మమ్మదే. నా పెళ్ళైన కొత్తలో మా ఇంటికొచ్చి, కొబ్బరి చిప్ప పగలట్లేదని కత్తి మీదేసి బాదింది. నేను తిడితే మూడు పూటలు అన్నం మానేసింది మహాతల్లి. అప్పటికి దానికి పదేళ్ళు కూడా లేవు. సరే, దాన్ని పాత చీరలో చుట్టి, పెట్టెలో ఆవకాయ సీసాల మధ్య పెట్టుకుని తెచ్చాను. ఎయిర్‌పోర్ట్‌లో తీయించి అటూ ఇటూ తిప్పి చూశారు, ఇదేదో ఆయుధం అనుకున్నారు కాబోలు.

అయితే అది మొద్దుబారింది. అదేంటో, టమాటా మీద పెడితే తెగదు, నలుగుతుంది. ఆ మధ్య నా వేలు కాస్త తెగింది కూడా, మొద్దు కత్తే ఎక్కువ కోస్తుంది, నీకు తెలుసుగా. చిన్న దెబ్బే. మీ పెద్దమ్మ సుజాత మాత్రం కొంపలంటుకున్నట్టు ఎమర్జెన్సీకి తీసుకెళ్ళింది. ఆ తర్వాత రెండ్రోజులు నా కత్తిపీట కనపడలేదు, వెతగ్గా వెతగ్గా గరాజ్‌లో పెయింటు డబ్బాల వెనక దొరికింది. "నేను పెట్టలేదమ్మా" అంది. మరి అదే నడిచి వెళ్ళిందా?

అప్పుడు మీ పెదనాన్న, "అత్తయ్య గారూ, శనివారం మార్కెట్‌లో ఒక జపాను పెద్దాయన ఉంటాడు, నా కత్తులన్నిటికీ ఆయనే పదును పెడతాడు, మీదీ ఇద్దాం" అన్నాడు. సరే, మనిషిని చూడకుండా వస్తువు ఎలా ఇస్తాం, ముందు ఉత్త చేతుల్తో వెళ్ళాను చూడ్డానికి.

ముసలాయన. నాకంటే ఓ రెండేళ్ళు పెద్దే అయ్యుంటాడు, మనిషి ఇంతే ఉంటాడు. చిన్న గుడారం, నీళ్ళ బకెట్టు, సబ్బు బిళ్ళల్లాంటి రాళ్ళు. చక్రం లేదే! మన ఊళ్ళో సాన పట్టేవాడొస్తే సైకిలు తొక్కి చక్రం తిప్పుతుంటే నిప్పురవ్వలు ఎగిసిపడేవి, పిల్లలందరం చుట్టూ మూగేవాళ్ళం. ఈయన రాయి మీద నీళ్ళు చల్లడం, కత్తిని అలా తోయడం, ఇలా లాగడం. రవ్వ లేదు, చప్పుడు లేదు. నాకు అనుమానం వచ్చింది. ఇదంతా షో, డాలర్లిచ్చేవాళ్ళ ముందు నీళ్ళు చల్లి కూర్చోవడం, వెనకాల ఏదో మిషనుంటుంది అనుకున్నాను. గుడారం వెనక్కెళ్ళి చూశాను కూడా. మిషనేం లేదు, ఆయన టిఫిను డబ్బా ఉంది.

మర్నాడు శనివారం... మర్నాడు ఏంటి, మరుసటి వారం, కత్తిపీట తీసుకెళ్ళాం. సుజాత కూడా వచ్చింది. ఎప్పుడూ రానిది ఆ రోజే ఎందుకొచ్చిందో నాకప్పుడు తట్టలేదు. ఆయన పీటని అటూ ఇటూ తిప్పాడు, ఇదెలా వాడతారని అడిగాడు. చెబితే అర్థమవుతుందా? పక్క కొట్లో కీరా దోసకాయ కొనిపించుకుని, అక్కడే కింద కూర్చున్నాను. చీర కుచ్చెళ్ళు సర్దుకుని, కాలు పీట మీదేసి, తరిగాను. జనం నిలబడి ఫోటోలు తీసుకున్నారే! ఒకావిడ చప్పట్లు కూడా కొట్టింది. దోసకాయ తరిగితే చప్పట్లేంటమ్మా.

కానీ ఆయన కత్తికేసి చూడట్లేదు. నా చేతులకేసి చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది. వీడి కన్ను నా గాజుల మీద ఉందిరా బాబూ అనుకుని కొంగు కప్పుకున్నాను. లేచేసరికి సుజాత ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి ఇంగ్లీషులో గుసగుసలు. నేను బేరం అనుకున్నాను.

రెండు వారాలన్నాడు. రెండూ అయిపోయాయి, మూడూ అయిపోయాయి. ప్రతి శనివారం అడిగితే "వస్తుందిలే అమ్మా" అని సుజాత, "ఆయన టైమ్ తీసుకుంటాడండీ" అని అల్లుడు. నాకు పొద్దస్తమానం అదే ధ్యాస. పాత ఇనుము మంచిదంటారు కదా, కత్తి మార్చేశాడా? ఎవరైనా మ్యూజియం వాళ్ళకి అమ్మేశాడా? లేకపోతే వీళ్ళిద్దరూ కలిసి, పోయింది పీడా అని వదిలించుకున్నారా? అల్లుడి కార్ ట్రంక్ కూడా తీసి చూశాను. నవ్వకు. నీ వస్తువు నువ్వు పరాయివాడి చేతిలో పెట్టి చూడు, అప్పుడు తెలుస్తుంది. వంట చెయ్యడం ఎలాగూ తగ్గించేశారు, స్టవ్ దగ్గరికి రానివ్వరు. నాకు మిగిలింది కూరలు తరగడం ఒక్కటే. అదీ పోతే ఈ ఇంట్లో నేనెందుకమ్మా, టీవీ చూడ్డానికా?

చివరికి ఓ శనివారం ముగ్గురం మార్కెట్‌కి వెళ్తే ఆ ముసలాయన తెచ్చిచ్చాడు. నీలం గుడ్డలో చుట్టి, రెండు చేతులతో నాకే ఇచ్చాడు, నడుం వంచి. నేను ముందు గాటు వెతుక్కున్నాను. ఉంది. అంచంతా అద్దంలా ఉంది, గాటు మాత్రం సన్నగా అలాగే ఉంది, దాన్ని తీసెయ్యాలంటే సగం కత్తి అరగదీయాలంట. కత్తికి తెల్లటి చెక్కతో ఓ తొడుగు చేశాడు. కత్తి ఎంత వంపు తిరిగిందో తొడుగూ అంత వంపు తిరిగింది, ఒక్క మేకు లేదు, ఒరలోకి దిగినట్టు దిగింది. అది ఊడిపోకుండా అడ్డంగా ఓ చెక్క పుల్ల, దానికి ఎర్ర దారం. జపాను కత్తులకి అలాగే చేస్తారంట. పుల్ల లాగితే గానీ తొడుగు రాదు.

అప్పుడాయన సుజాత వైపు తిరిగి ఏదో అన్నాడు. "సారీ" అన్నాడు, "నో" అన్నాడు, "షార్ప్" అన్నాడు. ఆ మూడు ముక్కలు నాకు తెలుసుగా. దాని మొహం చూద్దును కదా, రక్తం చుక్క లేదు. అల్లుడు నేల చూపులు. "అల్లుడు గారూ, ఏమంటున్నాడు?" అన్నాను. "నా మీద ఒట్టు, చెప్పండి" అన్నాను. పాపం, అత్తగారి ఒట్టు కదా, ఏం చేస్తాడు. "పదును పెట్టొద్దు, ఉన్న పదును కూడా తీసేసి, ఎప్పటికీ తెగకుండా చెయ్యమని సుజాత అడిగిందండీ. మొద్దు చెయ్యడం తన వల్ల కాలేదు, అందుకే ఆలస్యమైంది, దానికి బదులు ఈ తొడుగు చేశానంటున్నాడు" అన్నాడు.

చూశావా! నేను గాజుల దొంగ అనుకున్నవాడు కాదు, పిచ్చి అల్లుడు కాదు. నా కడుపున పుట్టినది.

ఇంటికొచ్చాం. నా పాటికి నేను గదిలో కూర్చున్నాను. అదే వచ్చి నా మంచం మీద కూలబడి ఏడ్చింది. "నీ చేతులు వణుకుతున్నాయమ్మా, నువ్వు చూసుకోవట్లేదు, నేను చూస్తున్నాను. ఆ రోజు సింక్ నిండా రక్తం. వద్దంటే వింటావా నువ్వు? కత్తి తెగకపోతే నువ్వే విసిగి మానేస్తావనుకున్నాను" అంది. నాకు కోపం ఉంది, ఇప్పటికీ ఉంది. కానీ అది భయపడింది, నిజంగానే. నాకూ భయమేనే, పైకి చెప్పను గానీ.

అప్పట్నించీ ఒప్పందం. పుల్ల నేనే లాగగలిగిన రోజు నేను తరగొచ్చు, ఎవరూ అడ్డం రాకూడదు. మొదట్లో రెండు వేళ్ళతో ఇట్టే వచ్చేది. ఏ కూరైనా సరే, వెంట్రుకలా తరిగేదాన్ని, అల్లుడు తన కత్తుల్ని చూసి సిగ్గుపడేవాడు. ఈమధ్య... ఈమధ్య కాస్త బిగుసుకుంది. వానలకి చెక్క ఉబ్బుతుంది కదా. సుజాత ఏదైనా జిగురు పూసిందేమోనని నాకో అనుమానం. ఆ ముసలాయన కూడా తక్కువవాడేం కాదు, రోజులు గడిచేకొద్దీ బిగిసేలా కావాలనే చేశాడేమో, ఎవరు చూశారు.

ఇలా తే, ఆ అలమరలోంచి. ఆ... అదే. ఈ పుల్ల పట్టుకో. ఇలా కాదు, దారం కాదు, పుల్ల. లాగు... ఆగాగు. వద్దులే. లాగకు. నీ చేతికి ఇట్టే వచ్చేసిందనుకో... పెట్టెయ్యి, ఎక్కడిదక్కడ పెట్టెయ్యి.

ఫ్రిజ్‌లో గోరుచిక్కుళ్ళు ఉన్నాయి, పట్రా. వాటికి కత్తెందుకమ్మా, చేత్తో తుంచుకోవచ్చు. నువ్వు ఇటు కూర్చో, నా ఎదురుగా... చిన్నగా తుంచు, తొందరేం లేదు...