తాడు ఇప్పేసి పాతరలో దిగిన కోనప్ప

సుంకమ్మ అని ఒకామె ఉండె. మా జేజికి జేజి, అంటే అవ్వకు అవ్వ, కాలం అనుకో. మొగుడు సచ్చి, పిల్లల్లేక, నోరొక్కటే ఆస్తిగా బతికిందంట. ఆ నోటికి జడిసి ఊరిపెద్ద నర్సిరెడ్డి గూడా పక్క సందులో పోయేటోడంట. అయితే ఊర్లో పాతర్లన్నీ ఆమె సేతి మీదనే. పాతరంటే మీకేం తెలుసులే, గోతాం సంచుల కాలంలో పుట్టినోళ్ళు. భూమిలో బాయి మాదిరి తవ్వి, మూతి సన్నంగా, కడుపు పెద్దగా పెట్టి, లోపల సుట్టూ సొప్ప పేర్చి, జొన్నలు పోసి, మూతి మీద బండేసి మట్టి మెత్తేది. ఏండ్లు పెట్టినా పురుగు పట్టదు. కానీ ఒకటుండాది, ఇది బాగా ఇనుకోండి. పాతర తీసిన దినం ఎవురూ దిగకూడదు. లోపల చెడ్డ గాలి నిలబడి ఉంటాది. అది పీలిస్తే మనిషి ఉన్నపళంగా కూలబడతాడు, కేక గూడా రాదు. బండ తీసి, దూరం జరిగి, మర్నాటిదాకా వదిలేసి, అప్పుడు దీపం దించి సూసేది. దీపం నిలబడితే దిగొచ్చు, ఆరిపోతే ఆగాల. దిగినా నడుముకు తాడు కట్టుకోనే దిగాల, పైన ఒకరు ఆ తాడు పట్టుకోనుండాల. ఇది అప్పట్లో మన ఊర్లో పాలు తాగే బిడ్డకు గూడా తెలుసంట. పై దేశమోళ్ళకు తెలీదు. వాళ్ళు గాదెల్లో పోసుకునేటోళ్ళు గదా.

తెరిచిన పాతర కాడ కావిలి పండుకునేటోడు ఒకడుండె, కోనప్ప అని. యాడో పాలెగాని కాడ బంటుగా ఉండినోడంట. ఆ పాలెగాడు పోయినాక కొలువు పోయి, నడుముకు కత్తి, భుజాన గొంగడి, అంతే, మన ఊరికొచ్చి నిలబడినాడు. అన్నం పెట్టండి, ఊరికి కావిలుంటా అన్నాడంట. సరే అని ఊరు పెట్టింది, ఇంటికొక పూట. మన ఊరోళ్ళ సంగతి తెలిసిందే గదా, పెట్టిన సంగటి కంటే దెప్పిందే ఎక్కువ. ఏం కోనప్పా, కత్తికి తుప్పు పట్టినట్టుండాదే, ఆ వంకాయలన్నా కోసి పోరాదా అని ఆడోళ్ళు ఎగతాళి. సుంకమ్మ సంగతి సెప్పే పనే లేదు, అందరికంటే ఆమే ఎక్కువ. కానీ ఎగతాళి సేసి సేసి, సంగటిముద్దలో గుంత పెట్టి నెయ్యి పోసేది ఆమె ఒకతే. అదేం సంబంధమని నన్నడగాకండి. నాకు తెలీదు, తెలిసినా సెప్పను.

ఏమైందంటే, వానల్లేని ఏడొకటొచ్చె. దాని ఎనకాలే ఇంకోటి. ఉండే పాతర్లన్నీ అయిపోయి పెద్ద పాతరొకటే మిగిలె. తినేదీ అందులోదే, వానొస్తే ఇత్తేదీ అందులోదే. అది పోతే ఊరు పోయినట్టే అనుకో. సరిగ్గా ఆ ఎండాకాలంలో గుర్రాల దండొచ్చి పడింది. మిట్టమధ్యాన్నం, ఈదంతా గుర్రాలే. వాళ్ళకొక సర్దారు. మాట మెల్లగా, మన భాష వచ్చీరాక మాట్లాడతాడంట. అరిసేవోడైతే అంత భయం లేదప్పా, మెల్లగా మాట్లాడేవోడే భయం. గింజలు సూపించండి, లేకుంటే కొట్టాలు అంటిస్తా, మొదలు ఆ కొట్టం, తరవాత ఈ కొట్టం అని ఏలు సూపించి సెప్తాండాడు. నర్సిరెడ్డి కోనప్ప తట్టు తిరిగి, ఇన్నేండ్లు పెట్టినాం గదప్పా, ఇప్పుడు గాకపోతే ఇంకెప్పుడు, దూయి కత్తి అన్నాడు. కోనప్ప గుర్రాల తట్టు సూసినాడు, కొట్టాల తట్టు సూసినాడు. పోయి, కత్తి ఇప్పి, సర్దారు కాళ్ళకాడ పెట్టినాడంట! పెట్టి, సామీ, ఊరు తగలబెట్టొద్దు, గింజలుండే తావు నేను సూపిస్తా అన్నాడు.

ఊరంతా నోరు తెరుసుకోని నిలబడిపోయె. సుంకమ్మ నిలబడుతుందా? ముందుకొచ్చి, థూ అని ఆయప్ప కాళ్ళ ముందర ఉమ్మింది. తిన్న సంగటి ఇసమైపోను నీకు, నీ సేతికి కత్తి బదులు గాజులెయ్యాల్సింది గదరా అనింది. ఆయప్ప మొగమన్నా ఎత్తలేదు. పా సుంకమ్మా, పెద్ద పాతర బండ తియ్యి అన్నాడు, అంతే. వీడికి నెయ్యి పోసినానే, ఈ సేతులు ఇరగ్గొట్టుకోవాల అనుకుంటా ఆమె నడిసిందంట. ఎనకాల కత్తులు, సుట్టూ గుర్రాలు, ఊరంతా మందను తోలినట్టు తోలుకోనొచ్చినారు. గడ్డపారతో మట్టి పెల్లగించి, నలుగురు పట్టి బండ జరిపినారు. ఎచ్చగా, పులిసిన వాసన కొట్టింది. అలవాటు గదా, బండ జరగంగానే ఊరోళ్ళంతా గబగబా ఎనక్కి జరిగినారు. సుంకమ్మా జరిగింది.

అది సర్దారు సూసినాడప్పా! ఎందుకు జరిగినారు అన్నాడు. నిన్నే, ఎందుకు జరిగినావు అని సుంకమ్మ గొంతు మీదికి కత్తి తెచ్చినాడు. ఆమె ఉన్నమాట సెప్పేద్దామనే నోరు తెరిసిందంట, రేపటిదాకా ఆగాల సామీ అనేదానికి. అంతలో కోనప్ప నవ్వినాడు. పాములుంటాయని భయం సామీ వీళ్ళకు, సంగటి తిని బతికే పిరికి నాయాళ్ళు, నేను దిగుతా సూడు అన్నాడు. సర్దారు సరే, దిగు అన్నాడు. సుంకమ్మ అలవాటు కొద్దీ తాడు తీసి ఆయప్ప నడుముకు సుట్టబోయింది. ఎంత కోపమున్నా పాతరలో దిగే మనిషికి తాడు కట్టకుండా ఎట్లా వదులుతుంది? ఆ తాడెందుకు అన్నాడు సర్దారు. మళ్ళా అనుమానం! కోనప్ప ఆ తాడు ఊడబీకి, నాకేంటికి ఇది, నేనేమన్నా ముసిల్దాన్నా, గంపకు కట్టు, గింజలన్నా పైకొస్తాయి అని ఆమె సేతిలో పడేసినాడు. పడేసి, ఆమె కండ్లలోకి ఒకసారి సూసినాడంట. అప్పుడు తెలిసింది ఆమెకు. ఈయప్ప పైకి రాడు. రావాలని గూడా అనుకోలేదు. కత్తి కాళ్ళకాడ పెట్టింది ఎందుకో, అంతా ఒక్కసారిగా తెలిసొచ్చింది. తాను ఉమ్మింది గూడా గుర్తుకొచ్చింది, సూడు. కిక్కురుమనేదానికి లేదు. ఆమె ఏడిస్తే సర్దారుకు తెలిసిపోతాది. ఆయప్ప సచ్చేది ఉత్తదైపోతాది, ఊరూ పోతాది. పండ్లు కరిసిపట్టి గంపకు తాడు కట్టిందంట.

కోనప్ప గట్టిగా గాలి పీల్సుకోని దిగినాడు. బాయిలో మునిగి బిందెలు తీసేటోడు లే, ఊపిరి బిగబట్టేది తెలుసు. గంప దించినారు. తాడు అదిరింది. సుంకమ్మ లాగింది, గంపనిండా జొన్నలు, బంగారు మాదిరి. సర్దారు గుప్పెడు తీసి నోట్లో ఏసుకోని నమిలినాడు. నమిలి ఏమన్నాడనుకున్యారు? వాణ్ణి మాట్లాడమను అన్నాడు! అయ్యో దేవుడా, మాట్లాడాలంటే ఊపిరి వదలాల, వదిలితే మళ్ళా పీల్చాల గదా. సుంకమ్మ పాతర మూతి కాడ వంగి, కోనప్పా, సర్దారు మాట్లాడమంటాండాడు అనింది. గొంతు యాడా తడబడకుండా అనిందంట, అదెట్లా అనిందో ఆమెకే తెలియాల. లోపల్నించి ఆయప్ప, జొన్నలు మొలలోతు ఉండాయి సామీ, ఒక్కణ్ణే ఎంతసేపని తోడేది, మనుసుల్ని పంపు అన్నాడు. అంతే. సివరి మాట కొంచెం సన్నంగా వచ్చింది. అది సుంకమ్మ సెవికే తెలిసింది.

ఇంగ సూడు, దండులో వాళ్ళు నేనంటే నేనని పడి దూకినారు. గింజలంటే ఆకలి వాళ్ళకు మాత్రం లేదా? దిగినోళ్ళు దిగినట్టే దబ్బుమన్నారు. ఏందా సప్పుడు అన్నాడు సర్దారు. జొన్నల మీద కాలు జారతాది సామీ, సంచులు నింపుకుంటాండారు అనింది సుంకమ్మ. పిలిస్తే పలకడం లేదని, వాళ్ళన్నదమ్ములు ఇంకొందరు దిగినారు. వాళ్ళూ పలకలేదు. సర్దారుకు ఏదో తట్టినట్టుంది, మూతి మీదికి వంగి లోపలికి సూస్తాండాడు. సుంకమ్మ రెండు సేతులూ వాని నడుము మీద ఆనించి, ఒక్క తోపు తోసింది! వాడు పడినాక ఊరు మేలుకున్యాది. రోకళ్ళు, గడ్డపార్లు, సేతికేది దొరికితే అది. దెబ్బలకు పడినోళ్ళు పడంగా, మిగిలిన నలుగురూ గుర్రాలు వదిలేసి పారిపోయినారు. సుంకమ్మ మాత్రం కోనప్పా, కోనప్పా అని ఆ తాడు పట్టుకోని పాతరలోకి దిగబోతే, ఆడోళ్ళు కొప్పు పట్టి ఎనక్కి గుంజినారంట. మర్నాడు దీపం దించి, అది నిలబడినాక దిగి సూస్తే, ఆయప్ప గోడకానుకోని కూచోని ఉన్నాడు. పైకి తీసి, పాతర పక్కనే గుంత తవ్వి పెట్టినారు. మన్నెయ్యక ముందే సుంకమ్మ ఆయప్ప కాళ్ళు కడిగి, కొంగుతో తుడిసి, అప్పుడు ఏడిసిందంట, ఊరంతా ఇనేటట్టు.

అయిపోయిందనుకున్యారా? అవలేదు. మన ఊరు గదా. శవాలు పడిన గింజలు మైల, ఎట్లా తింటాం, పారేద్దాం అని పెద్దమనుసులు లేసినారు. ఆకలికి కండ్లు లోపలికి పోయినా మైలకేం తక్కువ లేదు. సుంకమ్మ గంపెడు జొన్నలు తీసి, తిరగల్లో ఇసిరి, ఆడ్నే మూడు రాళ్ళు పెట్టి సంగటి కెలికింది. ముద్ద సేతిలో పెట్టుకోని నర్సిరెడ్డి ముందర నిలబడి, రెడ్డీ, ఈ గింజల కోసరమే గదా ఆయప్ప సచ్చింది, నిన్న సంపింది ఆ గాలి, ఈపొద్దు పారేస్తే సంపింది మనం అనింది. అని ముద్ద నోట్లో పెట్టుకున్యాది. రెడ్డి సేయి సాపినాడు. ఆ ఎనక ఊరంతా సాపింది. ఇప్పుడు మీరు పోయి ఊర్లో ఎవుర్నన్నా అడగండి, మా ఇంట్లో మాత్రం అవి ముట్టలేదప్పా, మా ముత్తాత సింతాకు తిని బతికినాడు అంటారు. అంతమంది తినేటన్ని సింతసెట్లు ఈ ఊర్లో యాడుండెనో నాకైతే తెలీదు. నేను మాత్రం తిన్నోళ్ళ మనవణ్ణే.