గా పిండి ఒడవకముందే

దుకాణంల దొరికే గీ గడ్డకట్టిన బువ్వ డబ్బాలు వేడి చేసి పిల్లకు పెడితే మంచిదేనా అమ్మమ్మా, అని అడుగుతున్నవు. నీకు దవాఖానల డ్యూటీ, ఇంట్ల ఆరేండ్ల పిల్ల. నీ పరేషాన్ నాకు తెల్వదా? చెప్త. గని జర ఆగు, ఒక ముచ్చట యాదికొచ్చింది. ఇప్పుడు చెప్పకపోతే మల్ల పోతది. ఈ నడుమ అన్నీ పోతున్నయి బిడ్డా. పొద్దున గోళీ వేసుకున్ననో లేదో తెల్వదు.

నిజాం పోయి రెండేండ్లో మూడేండ్లో. మాది సుల్తానాబాద్ పక్క పల్లె. నాకు తొమ్మిదేండ్లు, తమ్మునికి ఆరు. మా అవ్వకు కడుపునొప్పి. పసరుమందు తాగింది, తగ్గలే. బాపు బండి కట్టి కరీంనగర్ దవాఖానకు తీస్కపోత అన్నడు. పోయే ముందటి రోజు అవ్వ ఏం చేసింది, పొయ్యి మీద మంగలం పెట్టి జొన్నపేలాలు వేయించుడు మొదలువెట్టింది. పేలపిండి తొలి ఏకాశికి చేసేది గదా! అది వరికోతల కాలం.

"ఇప్పుడు పండుగెక్కడిదే అవ్వా?" అన్న.

"నీ నోరే పండుగ. ఊకో, ఇసుర్రాయి పట్టు."

నొప్పి లేచినప్పుడల్ల ఇసుర్రాయి పట్టుకొని ఆగుతుండె. ఆగి, మల్ల తిప్పుతుండె. బెల్లం దంచి కలిపింది. అప్పట్ల మా ఇంట్ల బెల్లం అంటే పండుగకే. మా మేనత్త, బాపు అక్క, బెల్లం దాసిపెడితే చీమల కంటే ముందుగాల పట్టేది... ఏం చెప్తున్న? ఆ, పిండి.

కుండ నిండ పోసి మూతికి బట్ట కట్టింది. "మీ అత్త కోతకు పోయి పొద్దుమూకినంక వచ్చి వండుతది. పగటి పూట ఇందుల ఇన్ని నీళ్లు పోసుకొని, ముద్ద చేసుకొని తినుండ్రి. పొయ్యి జోలికి పోకుండ్రి. గీ పిండి ఒడిసేటాల్లకు నేనొస్త" అన్నది.

గంతే అన్నది. బండెక్కింది.

తమ్ముడు ఏమన్నడు? "అక్కా, జల్ది తిందాం, కుండ ఖాళీ చేద్దాం. జల్ది ఒడిస్తే జల్ది వస్తది." ఇద్దరం కడుపు పలిగేటట్టు తిన్నం. మేనత్త కుండల చూసి, "మీవి కడుపులా, చెరువులా!" అన్నది. మేం ఇంకో ముద్ద కలుపుకొని తిన్నం. ఐదో రోజో... కాదు, ఆరో రోజు నాకు విసుగొచ్చింది. "నాకు వేడి బువ్వ కావాలె, గీ సల్లపిండి వద్దు" అని మొండికేసిన. తమ్ముడు బతిమిలాడిండు, "ఇంకొక్క ముద్ద తినవే అక్కా." తినలే. రెండు రోజులు ముట్టలే.

మూడోనాడు బండి వచ్చింది. బండిల అవ్వ పండుకొని ఉన్నది, మొకం మీదికి చీర కప్పి. పిండి ఒడవకముందే వచ్చింది.

సావు అయినంక ఇంట్ల నీళ్లు, వండిన తిండి ఉంచరు గదా. మేనత్త ఏడ్చుకుంట కడవ గుమ్మరించింది, గా కుండ కూడ ఎత్తింది. తమ్ముడు ఉరికి కుండను పట్టుకున్నడు. "పారబొయ్యకత్తా! అక్క తింటది, ఇప్పుడు తింటది!" అని ఒర్లిండు. వాని చేతులు ఊడదీసి, పెంట మీద బోర్లించింది.

నేను తింటే జల్ది వస్తుండె, పానంతోని వస్తుండె అని ఎన్నేండ్లు అనుకున్ననో. పెండ్లయింది, పిల్లలయిండ్రు, పొట్లాల కాయిదాలు చూసి చూసి చదువుడు నేర్సిన, అయినా లోపల గదే. ఎవ్వలకు చెప్పలే. తమ్ముడు ఉన్నన్ని రోజులు ఒక్కనాడు అనలే, "నువ్వు తినకపోతివి" అని. వాడు అన్నా బాగుండు.

ఇప్పుడు చూడు, అవ్వ మొకమే యాదికి వస్తలేదు. ముక్కుపుడక ఏ దిక్కు ఉండెనో చెప్పలేను. "నేనొస్త" అన్న గా మాట ఒక్కటే పోలే.

నువ్వు అడిగిందానికి చెప్త. పెట్టు బిడ్డా, డబ్బాల బువ్వే పెట్టు. నాకైతే రుచి లేదు, పీసుపీసుగ ఉంటది, అది వేరే ముచ్చట. కడుపుకు అందితే చాలు. గని పిల్లతోని "ఇది తినేలోపల వస్త" అని మాత్రం అనకు. "తిను" అను, గంతే. చిన్నపిల్లలు మాట పట్టుకుంటరు.

నిన్ను చూసి చూసి నీ బిడ్డకు విసుగు రావాలె, గన్నేండ్లు ఉండాలె నువ్వు. పో, డ్యూటీకి యాళ్ల అయితున్నది... నేను గోళీ వేసుకున్ననా లేదా, జర చూసి పో.