ఫైబర్ డప్పులు

పెనుబల్లి దగ్గర ఆటపాటలు నేర్పే బడి ఒకటుంది. దాని సెక్రటరీ బండి దిగేసరికి మార్కు వాకిట్లో డప్పుకు మేకతోలు బిగిస్తున్నాడు. చూసి కూడా లేవలేదు. ఆ బడిలో డప్పు నేర్పే తనని పంపేసి ఏడాదైంది మరి.

"మార్కూ, ఆదివారం వరకు పది డప్పులు కావాలె."

"ఫైబర్ డప్పులు కొన్నరు గద సారూ?"

"ఖరాబైనయ్."

"అప్పుడేనా? నూరేండ్లు ఉంటయంటిరి!"

"లండన్ దాతలకు లైవ్‌ల చూపించినం. మంట కాడ డప్పులు కాగబెట్టుడంటే వాళ్లకు ఇష్టం. అందుకే పిలగాళ్లను కాగబెట్టమన్న."

"ఫైబర్‌ను మంటకు పెట్టిన్రా!" మార్కుకు నవ్వు ఆగలేదు. "అప్పడాల లెక్క ముడుసుకపోయి ఉంటయ్."

"నవ్వకు. తోలు డప్పులకని పైసలిస్తే ఇవేందని అడుగుతున్రు. ఆదివారం మళ్ల చూస్తరట. లేకుంటే చందా బంద్."

"గట్లనా! తోలు వాసన లండనోళ్లకు పడదనే గద నన్ను ఎల్లగొట్టిన్రు?"

సెక్రటరీ బండి తాళం వేలికి తిప్పుకుంటూ నిలబడ్డాడు.

"అంటే వాసన పడంది నీకన్నమాట," అన్నాడు మార్కు.

"అయిందేదో అయింది. డప్పులిస్తవా, ఇయ్యవా?"

"ఇస్త. ఆ పిలగాళ్ల మొకం చూసి ఇస్త."

మార్కు చేతిలోని డప్పు ముందుకు చాపాడు. దాన్ని పట్టుకోవడానికి సెక్రటరీ జేబులోంచి చేతిరుమాలు తీశాడు.

"దస్తీ లోపల పెట్టు సారూ. ఒట్టి చేతుల్తోని పట్టుకుంటెనే ఇస్త."