ఐదింటిలోగా కట్టాల్సిన ఫీజు

అమెరికాలోని డులూత్‌లో ఒక వంటిల్లు. డిసెంబరు ముప్పై ఒకటి, మధ్యాహ్నం మూడు గంటలు. వెర్నన్, అతని భార్య కొరీన్. కాలేజీలో చదివే కూతురు మార్లా ఇంట్లో లేదు.

“అలా తిరక్కు వెర్నన్. నీ బూట్లకంటిన మంచు అంతా నా నేల మీదే కరుగుతోంది. కూర్చుని చెప్పు.”

“కూర్చుంటే ఐదైపోతుంది. ఐదు దాటాక కట్టినవి కొత్త ఏటి తేదీతో పడతాయి. మార్లా ఫీజు కట్టనివ్వవేం నువ్వు?”

“కట్టొద్దన్నానా? జనవరి పన్నెండు దాకా గడువుందన్నాను.”

“పొద్దుట్నుంచి చెప్తున్నది అదే కదా. క్లాసులు జనవరిలో మొదలైనా సరే, డబ్బు ఇవాళ కడితే ఈ ఏటి పన్నులోనే రాయితీ. ఆగస్టులో స్కాలర్‌షిప్ పోను మనం కట్టింది రెండు వేల డాలర్లే. ఇంకో రెండు వేలు ఇవాళ పడితే ఇంకో ఐదొందలు తగ్గుతుంది.”

“రెండు వేలకి ఐదొందలేనా?”

“మొదటి రెండు వేలూ మొత్తం తగ్గిస్తారు. ఆ పై రెండు వేలకి పావు వంతే.”

“ఇంటి మొత్తానికా? మనిషికింతనా?”

“విద్యార్థికింత. ఒక్కొక్కరికి నాలుగేళ్లు. ఎందుకూ?”

“ఊరికే. మధ్యలో చదువు ఆపేసినవాళ్లకి?”

“ఆపేసినవాళ్లేంటి?”

“అడుగుతున్నా, అంతే.”

“కొరీన్. పొద్దున్న స్నేహితురాలింటికి వెళ్తూ మార్లా నీతో గరాజ్‌లో గుసగుసలాడింది. నేను చూశాను.”

“చూస్తే చూశావులే.”

“మానేస్తోందా?”

“ముందు నేనడిగింది చెప్పు. ఆపేసి మళ్లీ చేరితే?”

“వస్తుంది. నాలుగేళ్ల చదువు పూర్తయి ఉండకూడదు, కనీసం సగం కోర్సులైనా తీసుకోవాలి. డ్రగ్స్ కేసులో శిక్ష పడి ఉండకూడదు.”

“అదింకా పడలేదు.”

“నవ్వులాటా నీకు?”

“వయసు?”

“వయసుతో పనిలేదు. దానికి పంతొమ్మిదేళ్లే కదా, వయసెందుకు? కొరీన్, అది మానేస్తోంది. నాకు తెలుసు. మానేస్తోంది. పదిహేను చలికాలాలు రోడ్ల మీద మంచు తోసి దాచాను దాని చదువుకి.”

“మానట్లేదయ్యా మహానుభావా. రోజూ ఫోన్లో దాని లెక్చరర్ గురించి అరగంట వినేది నేను.”

“మరి కట్టనీ.”

“జనవరిలో కడదాం. వచ్చే ఏటి లెక్కలో పడుతుంది, ఎక్కడికీ పోదు.”

“ఇవాళ బ్యాంకులో ఉన్న రెండు వేలూ?”

“ఐదొందలు తగ్గే చోట ఎందుకు పెట్టడం? రెండు వేలూ తగ్గే చోట పెడదాం.”

“అలా తగ్గాలంటే ఇంకో విద్యార్థి ఉండాలి కొరీన్. మనకున్నది ఒక్క పిల్లే.”

“కంప్యూటర్లో పక్క పేజీ తెరువు. ఆ దరఖాస్తు మార్లా, నేను కలిసి నింపాం. డబ్బు కట్టడమే మిగిలింది.”

“ఇది మన ఊరి కాలేజీది. జనవరి బ్యాచ్, మూడో ఏడు. పేరు... లిండ్‌క్విస్ట్? ఇది మీ నాన్న ఇంటిపేరు కదా?”

“పెళ్లికి ముందు నాదీ అదే. అప్పుడు చదివిన రెండేళ్ల మార్కులూ ఆ పేరు మీదే ఉండిపోయాయి.”